మెషీన్ ఊళ్లోనే ఉంది, నర్సు లేదు: ఆస్ట్రేలియాలోని తెలుగు నర్సులకు, డాక్టర్లకు, తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

అక్కలకు, అన్నలకు, చెల్లెళ్లకు, తమ్ముళ్లకు నమస్కారం.

నేను ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలో ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ టౌనులో డయాలసిస్ నర్సుని. సొంతూరు శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఉంది. ఉద్దానం అంటే మీలో చాలామందికి తెలుస్తుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఈ ఉత్తరం అందరి ముందూ పెట్టే ముందు రెండు చోట్లకు విడిగా రాశాను. ఎనిమిది నెలల కిందట ఒక ప్రభుత్వ కార్యాలయానికి రాశాను. ఇక్కడికి పడమట, వందల కిలోమీటర్ల అవతల ఒక ఎడారి పల్లెలో డయాలసిస్ గది ఉంది, మెషీన్లున్నాయి, నీళ్లు శుద్ధిచేసే ప్లాంటు ఉంది. కానీ నర్సు దొరక్క నెలల తరబడి గదికి తాళం వేసి ఉంది, ఆ ఊరి పేషెంట్లంతా టౌనులో పడి ఉన్నారు అని చెప్పాను. "మీ ఉత్తరం అందింది" అని ఈమెయిల్ వచ్చింది. అంతే. తర్వాత ఒక తెలుగు సంఘం వారికి రాశాను. ఉగాది సభకు వచ్చేవాళ్లలో నర్సులు, డాక్టర్లు చాలామంది ఉంటారు కదా, పది నిమిషాలిస్తే ఈ సంగతి చెప్పుకుంటాను అని. ప్రోగ్రాం ఫుల్ అయిపోయిందమ్మా, వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. వచ్చే ఏడాదికి నా పేషెంట్లలో ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. అందుకే ఇలా రాస్తున్నాను.

ఒక ఆదివాసీ పెద్దావిడ గురించి చెప్తాను. నిజానికి ముగ్గురు నలుగురి సంగతి కలిపి చెప్తున్నాను, ఎవరో గుర్తుపట్టకూడదని. సోమ, బుధ, శుక్రవారాలు మా యూనిట్‌కు వస్తుంది. ఒక్కోసారి ఐదు గంటలు కుర్చీలో కూర్చోవాలి. ఇల్లు ఐదొందల కిలోమీటర్ల దూరం. టౌనులో మేనకోడలి ఇంట్లో ఉంటుంది. రెండు పడకగదుల ఆ ఇంట్లో పదకొండు మంది. చోటు చాలని రోజు ఎండిపోయిన టాడ్ నది ఇసుకలో పడుకుని వస్తుంది. ఆవిడ సంచి ఎప్పుడూ సర్దే ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ సూది గుచ్చకముందే అడిగేది ఒకటే: "మా ఊరికి నర్సు దొరికిందా?"

కిందటి చలికాలంలో ఊళ్లో దగ్గరివాళ్లు పోయారు. చావు తంతుకు అయినవాళ్లంతా చేరడాన్ని ఇక్కడి జనం 'సారీ బిజినెస్' అంటారు. వెళ్లకపోతే ఇక ఆవిడ మనిషే కాదు. వెళ్లింది. మూడు డయాలసిస్‌లు తప్పాయి. ఫ్లయింగ్ డాక్టర్ విమానంలో తిరిగి తెచ్చేసరికి ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరాయి, పొటాషియం పెరిగిపోయింది. బతికింది. కేసు షీట్ మీద "పేషెంట్ సహకరించడం లేదు" అని రాశాం. రాసింది ఇంకెవరో కాదు, నేనే. ఆవిడ ఊళ్లో మెషీన్ ఉందనీ, దానికి తాళం వేసి ఉందనీ తెలిసి కూడా రాశాను.

ఈ జనం ఎవరు, ఇక్కడికెలా వచ్చారు అన్నది తెలియకుండా ఈ గొడవ అర్థం కాదు. నాకు తెలిసినంత వరకు చెప్తాను. ఎవరి పేర్లూ రాయను. ఎడారి ఆదివాసుల్లో మనిషి పోయాక ఆ పేరు పలకరు. అదే పేరున్న బతికున్నవాళ్లను కూడా కొన్నాళ్లపాటు 'కుమన్‌జాయి' అని పిలుస్తారు.

1. పింటుపి జనం పడమటి ఎడారిలో వేల ఏళ్లుగా ఉన్నవాళ్లు. ఏ గుంటలో ఏ నెల నీళ్లుంటాయో, ఏ రాయి ఎవరి కథో తెలిసినవాళ్లు. 1950ల చివర్లో, 60లలో వీళ్లను ఆలిస్ స్ప్రింగ్స్‌కు 240 కిలోమీటర్ల దూరంలోని పపున్యా అనే ప్రభుత్వ శిబిరానికి చేర్చారు. కొందరు కరువు తట్టుకోలేక వచ్చారు, కొందరు పిండి, చక్కెర దొరుకుతాయని వచ్చారు, ఇంకొందరిని గస్తీ అధికారులు బండ్లలో ఎక్కించుకొచ్చారు. వూమెరా అనే ప్రయోగ కేంద్రం నుంచి పేల్చే రాకెట్లు ఎగిరే దారి వీళ్ల నేల మీదుగానే ఉండేది. వందల ఏళ్లు దూరదూరంగా బతికిన వేరువేరు జనాలను ఒకే చోట కుక్కి, ఒకే వంటశాలలో బారులు తీర్చి తిండి పెట్టారు. కొత్త రోగాలకు చాలామంది పోయారు. దీన్నే అప్పట్లో 'కలుపుకోవడం' అన్నారు.

2. 1971లో జెఫ్రీ బార్డన్ అనే బడిపంతులు పపున్యాకు వచ్చాడు. అక్కడి పెద్దలు బడి గోడ మీద తేనెచీమ కథను బొమ్మగా వేశారు. పపున్యా అంటేనే తేనెచీమల చోటు. మరుసటి ఏడాది, 1972లో, చిత్రకారులే సొంతదారులుగా పపున్యా తులా అనే కంపెనీ పుట్టింది. ఈరోజు ప్రపంచమంతా 'చుక్కల బొమ్మలు' అని చెప్పుకునేది అక్కడే మొదలైంది. ఇంతకీ ఆ బడి గోడ మీది బొమ్మకు కొన్నేళ్లలోనే సున్నం కొట్టేశారు.

3. పపున్యాలో పింటుపి వాళ్ల మనసు ఎప్పుడూ పడమటి వైపే ఉండేది. 1976లో, ఆలిస్ స్ప్రింగ్స్, పపున్యా ఉన్న నార్తర్న్ టెరిటరీకి ఆదివాసుల భూమి హక్కుల చట్టం వచ్చింది. దూరంగా తమ నేలలో బోరు వేయించుకుని, 1981లో సొంతంగా కదిలారు. ఆలిస్ స్ప్రింగ్స్‌కు 500 కిలోమీటర్లకు పైగా పడమట, వెస్టర్న్ ఆస్ట్రేలియా సరిహద్దు దాపున ఉన్న ఆ ఊరే వలుంగురు, మ్యాపుల్లో కింటోర్. ఇంకా పడమట కివిర్కురా పుట్టింది. 1984లో, అప్పటిదాకా తెల్లవాళ్ల ముఖం చూడకుండా ఎడారిలోనే తిరుగుతున్న ఒక కుటుంబం, తొమ్మిది మంది, కివిర్కురా దగ్గర బంధువులను కలుసుకుంది. ఇదంతా పురాణం కాదు. మనింట్లో కలర్ టీవీ వచ్చిన కాలం.

4. ఇల్లు చేరాక కిడ్నీ జబ్బు పట్టుకుంది. షుగరు, బీపీ ఉన్నాయి. వాటికంటే ముందు తక్కువ బరువుతో పుట్టిన పిల్లలు, కిక్కిరిసిన ఇళ్లలో గజ్జి, గజ్జి పుండ్ల నుంచి చిన్నతనంలోనే కిడ్నీకి దెబ్బ, ఊళ్లో ఉన్న ఒక్క కొట్టులో ఆకుకూర కంటే కూల్‌డ్రింకు చవక. 1990లలో కిడ్నీ పాడైన ప్రతివాళ్లకూ ఒకటే దారి: ఊరు వదిలి ఆలిస్ స్ప్రింగ్స్‌కు వెళ్లి, చనిపోయేదాకా అక్కడే ఉండటం. కథలు తెలిసినవాళ్లు, పాటలు తెలిసినవాళ్లు, పిల్లలకు నేల చూపించాల్సినవాళ్లు వెళ్లిపోయారు. కొందరు డయాలసిస్ వద్దనుకుని ఇంటి దగ్గరే పోయారు.

5. ప్రభుత్వాన్ని అడిగితే, అంత దూరంలో డయాలసిస్ కుదరదు, ఖర్చు, ప్రమాదం అన్నారు. అప్పుడు వాళ్లేం చేశారో వినండి. కింటోర్ మగవాళ్లు ఒకటి, ఆడవాళ్లు ఒకటి, కివిర్కురా మగవాళ్లు ఒకటి, ఆడవాళ్లు ఒకటి, మొత్తం నాలుగు పెద్ద చిత్రాలు కలిసి వేశారు. 2000 నవంబరులో సిడ్నీలోని ఆర్ట్ గ్యాలరీలో వేలం వేస్తే, మిగతా చిత్రాలతో కలిపి పది లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ఆ డబ్బుతో సొంత సంస్థ పెట్టుకున్నారు. దాని పొడుగాటి పింటుపి పేరుకు అర్థం 'మా కుటుంబాలన్నిటినీ బాగుచేసుకోవడం'. నోరు తిరగని మాబోటివాళ్లం పర్పుల్ హౌస్ అంటాం. 2004లో కింటోర్‌లో డయాలసిస్ మొదలైంది. కుదరదన్నది కుదిరింది. ఇప్పుడు ఆ సంస్థ పదిహేనుకు పైగా మారుమూల ఊళ్లలో డయాలసిస్ నడుపుతోంది, ఒక ట్రక్కులోనే మెషీన్లు పెట్టి ఊరూరా తిప్పుతోంది. 2018 నవంబరులో ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కూడా బాగా మారుమూల ఊళ్లలో నర్సులు చేసే డయాలసిస్‌కు డబ్బు కట్టడం మొదలుపెట్టింది. అంటే బొమ్మలమ్మిన డబ్బుతో పద్నాలుగేళ్ల ముందే వాళ్లు రుజువు చేసిందాన్ని ప్రభుత్వం అప్పుడు ఒప్పుకుంది.

ఇప్పుడు కిడ్నీ జబ్బుతో పేరుపడ్డ మా ఉద్దానం మాట. కొందరు నన్ను, నీకెందుకమ్మా ఈ ఆవేశం, డ్యూటీ చేసుకో అన్నారు. వాళ్లకిది జవాబు.

మా నాన్నకు కిడ్నీలు పోయినప్పుడు మా దగ్గర్లో ఎక్కడా డయాలసిస్ లేదు. వారానికి రెండుసార్లు సోంపేట స్టేషన్లో రైలెక్కి, రెండు వందల కిలోమీటర్లకు పైనే ప్రయాణం చేసి విశాఖ వెళ్లేవాడు. ఒంట్లో ఓపిక తగ్గాక అక్కడే ఆసుపత్రి పక్క సందులో గది అద్దెకు తీసుకున్నాం. కిటికీలోంచి చూస్తే ఇంకో గోడ. నాన్న రోజూ అడిగేది కూడా ఒకటే: కొబ్బరిచెట్లకు నీళ్లు పెట్టారా, పనసకాయలు కోశారా అని. ఆ గదిలోనే పోయాడు. తోట చూడలేదు. తర్వాత మా వైపు డయాలసిస్ సెంటర్లు వచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా వచ్చింది. ఎన్నో ఏళ్లు జనం అరిస్తే వచ్చాయవి. రెండు జబ్బులూ ఒకటి కాదు. ఉద్దానంలో ఎందుకొస్తోందో ఇప్పటికీ గట్టిగా తేలలేదు, ఇక్కడ కారణాలు చాలావరకు తెలుసు. తెలిసీ ఆగకపోవడం ఇక్కడి దౌర్భాగ్యం. కానీ ఊరు వదిలి మెషీన్ పక్కన చావడం రెండు చోట్లా ఒకటే.

మరి దీంట్లో మనకేం సంబంధం? ఉంది. నార్తర్న్ టెరిటరీ మొత్తాన్నీ వలస చట్టం 'ప్రాంతీయ' ప్రదేశంగా లెక్కేస్తుంది. 491 వీసా మీద వచ్చినవాళ్లు మూడేళ్లు ఇలాంటి చోట ఉంటే పీఆర్‌కు, అంటే శాశ్వత నివాసానికి, పెట్టుకోవచ్చు. విదేశాల్లో చదివిన డాక్టర్లను మెడికేర్ నిబంధన పదేళ్లపాటు డాక్టర్లు తక్కువున్న చోట్లకు పంపుతుంది. మనలో చాలామంది బతుకులు ఈ ఎడారి మీదుగానే ఒడ్డున పడ్డాయి. నాది కూడా. వీసా పాయింట్ల కోసమే వచ్చాను, దాచుకోవడానికేం లేదు. ఇక్కడి వాట్సాప్ గ్రూపుల్లో "ఇంకెన్ని నెలలు?" అన్నదే పలకరింపు. పీఆర్ లెటర్ రాగానే కారుకు ట్రెయిలర్ కట్టుకుని అడిలైడ్ దారి పట్టడం మామూలే. పిల్లల చదువులుంటాయి, ముసలి తల్లిదండ్రులుంటారు. తప్పు పట్టను. కానీ ఈ మూడేళ్లలో ఆలిస్ స్ప్రింగ్స్ దాటి ఒక్క ఎడారి పల్లె చూసినవాళ్లు మనలో ఎంతమంది? నేనే నాలుగో ఏట గానీ వెళ్లలేదు. ఎర్రమట్టి రోడ్డు మీద గంటల ప్రయాణం, ఫోన్ సిగ్నల్ ఉండదు, భయం అనుకున్నాను. వెళ్లాక భయం పోయింది, సిగ్గు మిగిలింది.

అందుకని మీ ముందు ఈ కోరికలు పెడుతున్నాను. కోరికలన్నాను గానీ, డిమాండ్లే అనుకోండి.

1. డయాలసిస్ అనుభవమున్న తెలుగు నర్సులు ఏడాదికి ఆరు వారాలు మారుమూల ఊళ్లో పనిచేయండి. మెల్‌బోర్న్‌కు, సిడ్నీకి వెళ్లిపోయినవాళ్లు కూడా రావచ్చు. ఊరికే చేయమనడం లేదు. జీతం వస్తుంది, చాలాచోట్ల ఇల్లూ ఇస్తారు. ఒక ఊళ్లో ఏడాది పొడుగునా గది తెరిచి ఉంచాలంటే ఒక నర్సు స్థానానికి ఇలాంటివాళ్లు తొమ్మిది మంది చాలు. ఇంత పెద్ద దేశంలో తొమ్మిది మంది తెలుగు నర్సులు దొరకరంటే నేను నమ్మను.

2. డాక్టర్లూ, నర్సులూ, దయచేసి "సహకరించడం లేదు" అనే మాట రాయడం మానండి. ఎందుకు రాలేదో అడిగి అది రాయండి. దుబాసీని పిలవండి. ఇంగ్లిష్ వీళ్లకు మూడో భాషో నాలుగో భాషో. తల ఊపితే ఒప్పుకున్నట్టు కాదు, మీరు మాట్లాడటం త్వరగా ముగించాలని. ఇంకో సంగతి మనకు సులభంగా అర్థమవుతుంది: వరస. ఇక్కడ ప్రతి మనిషికీ వరస ఉంటుంది. కొన్నాళ్లు ఊళ్లో పనిచేస్తే నర్సుకు కూడా ఒక వరస పేరు పెడతారు, దాంతో ఊళ్లో ఎవరు అక్కో, ఎవరు అత్తో తేలిపోతుంది. నాకు పెట్టిన రోజు మా అమ్మకు ఫోన్ చేసి చెప్తే, "మన ఊళ్లోలాగే ఉందే!" అంది. అత్త, అల్లుడు ఎదురుపడకూడదన్న కట్టుబాటు చాలా గట్టిది. వాళ్లిద్దరి కుర్చీలు పక్కపక్కన వేసి, ఒకరు లేచి వెళ్లిపోతే "ట్రీట్‌మెంట్ నిరాకరించారు" అని రాసిన చోట్లు చూశాను. రోస్టర్ వేసేవాళ్లకు ఒక్క ప్రశ్న అడిగే ఓపిక ఉంటే సరిపోయేది.

3. తెలుగు సంఘాల పెద్దలకు. ప్రతి సభ మొదట్లో "ఈ నేల సంప్రదాయ యజమానులకు వందనం" అని ఇంగ్లిష్‌లో ఒక పేరా చదువుతున్నారు. చదివినాయన కుర్చీలో కూర్చునేలోపే డాన్సు ప్రోగ్రాం మొదలవుతుంది. ఆ యజమానుల్లో ఒకరినైనా పిలిచి, దారిఖర్చులిచ్చి, అరగంట మాట్లాడనివ్వండి. 2023 అక్టోబరు 14న ఆదివాసుల సలహా మండలి మీద రిఫరెండం జరిగినప్పుడు ఈ దేశంలో సుమారు 60 శాతం వద్దన్నారు. మారుమూల ఆదివాసీ ఊళ్ల పెట్టెల్లో మాత్రం ఎక్కువగా కావాలనే ఓట్లు పడ్డాయి. పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు కూడా ఓటేశారు. ఎటు వేశారని అడగను. వేసేముందు ఒక్క ఎడారి మనిషి మాటైనా విన్నారా అని అడుగుతున్నాను. నేనడిగిన పది నిమిషాలు నాకొద్దు, వాళ్లకివ్వండి.

4. ఇండియా వెళ్లేటప్పుడు బహుమతులకని చుక్కల బొమ్మలున్న మగ్గులు, బూమరాంగులు కొంటాం. షాపుల్లోని వాటిలో చాలా భాగం ఆదివాసులు చేయనివే, ఈ దేశంలో తయారు కానివే. ఆ చుక్కలతోనే ఒక ఊరు తన ప్రాణాలు కొనుక్కుంది. ఊళ్ల సొంత ఆర్ట్ సెంటర్లలో, వేసినవాళ్ల పేరు, కాగితం ఉన్నవి కొనండి. చిన్నవి కూడా దొరుకుతాయి.

5. ప్రభుత్వాలకు, టెరిటరీ వారికీ, కాన్‌బెరా వారికీ. దీని ఇంగ్లిష్ ప్రతి విడిగా పంపాను. ఇక్కడ కూడా రాస్తున్నాను, మీలో ఓటున్నవాళ్లు మీ ఎంపీలను అడగాలని.
అ) మెషీన్‌కు గది కట్టినప్పుడే నర్సుకు ఇల్లు కట్టండి. నేను చూసిన ఊళ్లో తాళం పడటానికి సగం కారణం ఉండటానికి చోటు లేకపోవడమే.
ఆ) ఊరి వాళ్లకే ఈ పని నేర్పి ఉద్యోగాలివ్వండి. మాలాంటివాళ్లం వస్తాం, పోతాం. వాళ్లెక్కడికీ పోరు.
ఇ) నీళ్లు. ఒక డయాలసిస్‌కు మెషీన్ గుండా వంద లీటర్లకు పైనే శుద్ధమైన నీరు పోవాలి, దాన్ని తీయడానికి ఇంకా ఎక్కువ బోరు నీళ్లు కావాలి. ఎడారి బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ, కొన్ని ఊళ్లలో యురేనియం కూడా ఉంది. ఆలిస్ స్ప్రింగ్స్‌కు వాయవ్యంగా ఉన్న లారాంబాలో అది జాతీయ పరిమితిని దాటి ఉంటే, జనం ఏళ్లపాటు కోర్టుల చుట్టూ తిరిగాకే శుద్ధి ప్లాంటు వచ్చింది. మెషీన్‌కు శుద్ధమైన నీళ్లిచ్చి, పక్క ఇంట్లో పసిపిల్లకు బోరు నీళ్లు పోస్తే, ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లకూ మెషీన్ కావాల్సి రావచ్చు.
ఈ) ఇళ్లు. రెండు గదుల్లో పదకొండు మంది ఉన్నంతకాలం గజ్జి పోదు. గజ్జి పోకపోతే కిడ్నీ జబ్బు తగ్గదు. ఇది నర్సింగ్ మొదటి సంవత్సరం పాఠం.
ఉ) తప్పనిసరిగా టౌనుకు రావాల్సినవాళ్లకు కుటుంబంతో ఉండే వసతి, ఊళ్లో చావు జరిగితే వెళ్లి రావడానికి, వెళ్లిన చోట డయాలసిస్ చేయడానికి ముందే ఏర్పాటు. విమానంలో ప్రాణం మీదికొచ్చిన మనిషిని తేవడం కంటే ఇదే తక్కువ ఖర్చు.

కొందరు తెలుగు మిత్రులు నాతో అన్న మాట ఒకటుంది: ప్రభుత్వం ఇన్ని డబ్బులిస్తుంది కదా, వాళ్లు టౌనులోనే ఉండొచ్చుగా? మనం సంక్రాంతికి ఊరెళ్లడానికి ఆరు నెలల ముందు టికెట్లు కొనేవాళ్లం. పోయాక బూడిదైనా గోదావరిలోనో వంశధారలోనో కలపమని చెప్పుకునేవాళ్లం. ఈ మాట మన నోట ఎలా వస్తుందో నాకు అంతుపట్టదు.

ఆ కార్యాలయం వారి జవాబు కోసం ఇంకా చూస్తున్నాను. ఈలోగా ఆ పల్లె డయాలసిస్ గదికి వచ్చే నెల మొదటి వారం నుంచి ఆరు వారాలు నా పేరు రాయించుకున్నాను. పెద్దావిడతో చెప్తే సంచి జిప్ ఇంకోసారి లాగి చూసుకుంది. "తర్వాత?" అని అడిగింది. ఏడో వారం నుంచి రోస్టర్ ఖాళీగా ఉంది.

ఇట్లు,
ఒక తెలుగు డయాలసిస్ నర్సు
ఆలిస్ స్ప్రింగ్స్